మోగకపోతే బాగున్నట్టే

నాకు ముక్కు మీద కోపం, అదీ వస్తువుల మీద. తోయాల్సిన తలుపుకి లాగే పిడి పెట్టినవాణ్ణి, ఎనిమిది స్విచ్చులు ఒకేలా బిగించి ఫ్యానుది ఏదో చుట్టాన్ని వెతుక్కోమన్నవాణ్ణి తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. పెందుర్తిలో మా అపార్ట్‌మెంటు లిఫ్టులో తలుపు తెరిచే బటనూ మూసే బటనూ కవల పిల్లల్లా ఉంటాయి. పరిగెత్తుకొచ్చే మనిషి కోసం తెరవబోయి, ముఖం మీదే మూసేసిన పాపం ఆ లిఫ్టులో అందరం చేశాం. అందరం సారీ చెప్పుకుంటాం. చెప్పాల్సింది ఆ బటన్లు గీసినవాడు.

నా పని కూడా బటన్లు గీయడమే. ఆటోనగర్‌లో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని యంత్రాలకు పెట్టెలూ, పిడులూ, స్విచ్చులూ డిజైన్ చేస్తాను. ఉక్కు పనుల్లో క్రేను నడిపేవాళ్ళు తోలు గ్లవ్సు తియ్యకుండా నొక్కగలిగే రిమోటు ఒకటి నేను చేసిందే. మంచి వస్తువు, మొహమాటం లేకుండా చెబుతున్నాను. పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి మొదటి రోజే ఒక సూత్రం చెబుతాను. వాడేవాడు తప్పు చేస్తే అది తయారు చేసినవాడి తప్పు. ఆ సూత్రాన్ని నేనే ఎలా తుంగలో తొక్కానో మాత్రం చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

కొన్నేళ్ళ క్రితం చేపల పడవల కోసం ఒక ఆపద పెట్టె తయారు చేశాం. ఫోన్ సిగ్నల్ అందని సముద్రంలో ఇంజను ఆగినా, పడవలోకి నీళ్ళు ఎక్కినా దాని మీద బటన్ మూడు సెకన్లు నొక్కిపట్టాలి. రేడియో మీద కబురు ఒడ్డుకు వస్తుంది, ఇంటివాళ్ళ ఫోనూ నా ఫోనూ మోగుతాయి. లోపలి సర్క్యూట్ వేరేవాళ్ళది, పై రూపమంతా నాది. టిఫిన్ క్యారేజీ గిన్నెంత నారింజరంగు పెట్టె, నడినెత్తిన గుండ్రటి ఎర్ర బటన్. వలతాళ్ళు తగిలి పొరపాటున నొక్కుకుపోకుండా దాన్ని చిన్న గుంటలోకి దించాను. ఆ గుంట చూసుకుని ఎంత మురిసిపోయానో. ఉప్పునీళ్ళ బకెట్లో నెలరోజులు ముంచి ఉంచాను, షెడ్డు కప్పు మీంచి కింద పడేశాను. చెక్కు చెదరలేదు.

హార్బరుకి అవతల ఒడ్డున ఒక పడవ యజమాని దాన్ని పెట్టి చూడ్డానికి ఒప్పుకున్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, కొడుకుతో కలిసి వేటకి వెళ్ళేవాడు. పెట్టె బిగించిన రోజు ఆయన భార్య కొబ్బరికాయ కొట్టి, పసుపు ముద్ద బొటనవేలితో తీసి సరిగ్గా ఆ గుంటలో పులిమి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టింది. ఇంకెక్కడ పెడుతుంది, నుదురులాంటి చోటు నేనే గుండ్రంగా చేసి ఇచ్చాక? నాకు ముచ్చటేసి ఫోటో తీసుకున్నాను. ఆపైన ప్రతి శుక్రవారం ఇంజనుకి పెట్టినట్టే దానికీ పెట్టేదట.

రెండు నెలలు బాగానే గడిచాయి. ఒకరోజు పదకొండు గంటలప్పుడు ఆవిడ నాకు ఫోన్ చేసింది. తెల్లవారుజామున వెళ్ళిన పడవ పదింటికి రావాలి, ఇంకా రాలేదు, పెట్టె ఏమైనా చెప్పిందా అని అడిగింది. చూశాను. ఏ కబురూ లేదు. మోగకపోతే బాగున్నట్టే, చేపలు బాగా పడి ఉంటాయి, నిశ్చింతగా ఉండమన్నాను. ఒంటిగంటకు మళ్ళీ చేసింది. మళ్ళీ అదే మాట చెప్పాను, ఈసారి కాస్త విసుగ్గా కూడా.

పొద్దు వాలుతుండగా వేరే పడవ ఒకటి వాళ్ళని తాడు కట్టి లాక్కొచ్చింది. ఇంజను ఏడింటికే ఆగిపోయిందట. గాలికి కొట్టుకుపోతూ తండ్రీ కొడుకులు వంతులేసుకుని బటన్ నొక్కారట, ముందు వేలితో, తర్వాత అరచేత్తో, చివరికి కత్తి పిడితో. అది దిగలేదు. కర్రకి లుంగీ కట్టి ఊపితే దూరంగా పోతున్న పడవ చూసింది. తాగే నీళ్ళు మధ్యాహ్నానికే అయిపోయాయి. కొడుకు పెదవులు పగిలి నెత్తురు కారుతోంది.

కబురు తెలిసి పరిగెత్తుకెళ్ళి పెట్టె విప్పాను. రెండు నెలల పసుపూ ఉప్పూ కలిసి బటన్ చుట్టూ ఉన్న సందులో సిమెంటులా గట్టిపడ్డాయి. అది చూడగానే నాకు కలిగిన ఊరట చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది. హమ్మయ్య, తప్పు నాది కాదు! పదిమంది ముందు ఆ పెచ్చు గోటితో లేపి చూపించి, ఇలా పూస్తే ఏ యంత్రమైనా పాడవుతుందన్నాను.

అన్నది ఎవరు? ఆనందపురం పక్క రైతుల ఇంట్లో పుట్టినవాణ్ణి. మా అమ్మ కొత్త మిక్సీకైనా బొట్టు పెట్టకుండా ప్లగ్గు పెట్టనివ్వదు. ఒక దసరాకి నా ల్యాప్‌టాప్ కెమెరా మీదే పెట్టేసింది, నవ్వుకుంటూ తడిబట్టతో తుడుచుకున్నాను. అంత తెలిసినవాణ్ణి బకెట్లో ఉప్పు కలిపాను గానీ చిటికెడు పసుపు కలపాలని తోచలేదు.

ఆవిడ పసుపు ఊసే ఎత్తలేదు. భర్తకి నీళ్ళు పట్టించి, కొడుకు ముఖం తుడిచి, అప్పుడు నా వైపు తిరిగింది.

"మోగకపోతే బాగున్నట్టే అన్నావు కదా బాబూ. ఆ మాట పట్టుకుని కూకున్నాను. నేకపోతే పదికే నాలుగు పడవలు పంపించీదాన్ని."

నాకు తల కొట్టేసినట్టయింది. పెట్టె లేని రోజుల్లో ఆవిడ భయపడేది, భయపడి మనుషుల్ని పంపేది. నా వస్తువు వచ్చి ఆ భయాన్ని ఆపేసింది. పెట్టె బతికుందో చచ్చిందో నాకే తెలియకుండా, అది పలకకపోవడాన్ని మంచి కబురని ఆవిడకి చెప్పాను. రెండుసార్లు చెప్పాను. తప్పు నాదేనని ఆ పదిమంది ముందే ఒప్పుకున్నాను. పెట్టె తెచ్చేసుకున్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. అయినా గట్టిగానే పట్టుకున్నాను. కొత్త పెట్టెకి నొక్కే బటన్ తీసేసి, పక్కన లాగే ఉంగరం ఒకటి పెట్టాను. వల పట్టే చేతులకి లాగడం అలవాటు. నెత్తిన చదునైన ఇత్తడి బిళ్ళ బిగించాను, బొట్టు కోసమే. ఆవిడ సరేనంటేనే అది మళ్ళీ పడవెక్కుతుందని నాకు తెలుసు. భర్త ఉంగరం లాగి చూసి బాగుందన్నాడు. ఆవిడ పెట్టెని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆళ్ళు లాగితే నాకు తెలుత్తాది, బాగుంది. మరి నాను అడగాలంటే ఏటి నొక్కాల?"

ఇన్నేళ్ళలో నా పని మీద ఇంత సూటి ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. ఆపదలో పడ్డవాడి చెయ్యి ఎలా ఉంటుందో వందసార్లు గీశాను. ఒడ్డున ఎదురుచూసే చెయ్యి ఒక్క కాగితం మీదా లేదు. పెట్టె మళ్ళీ వెనక్కి తీసుకెళ్ళాను, ఇంకో మూడు నెలలు పట్టింది. ఈసారి ఆవిడకీ అరచేతిలో ఇమిడే పెట్టె ఒకటి చేశాం. ఆవిడ నొక్కితే పడవలో పెట్టె కూస్తుంది. అక్కడివాళ్ళు దాన్ని తడితే ఆవిడ చేతిలో పచ్చదీపం వెలుగుతుంది. వెలగకపోతే ఇక ఎవరినీ అడగొద్దు, వెంటనే పడవలు పంపించమని నేనే చెప్పాను.

వారం తిరక్కుండా భర్త నన్ను ఒడ్డున పట్టుకున్నాడు. పడవలో పెట్టె వలేస్తుంటే కూస్తుందట, తీస్తుంటే కూస్తుందట, గంజి తాగడానికి కూర్చున్నా కూస్తుందట. ప్రతిసారీ పని వదిలి తడిచేత్తో పోయి తట్టాలట. పక్క పడవలవాళ్ళు నవ్వుతున్నారట. అదెంత పని, గంటకి ఒక్కసారి కంటే కూయకుండా లోపల హద్దు పెట్టేస్తానని జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాను.

ఆయన వల కింద పెట్టి, స్క్రూడ్రైవర్ ఉన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒద్దులే బాబూ," అన్నాడు. "ఆ రోజు మేవెన్నిసార్లు నొక్కినాం. మా ఇంటిదాన్ని కూడా నొక్కనీ."