వెనక వైపు

మాకు ఇంగ్లీషు చెప్పిన టీచర్ ముఖం కన్నా ఆమె చేతి సైగే నాకు ఎక్కువ గుర్తు. మిర్యాలగూడ బడిలో పరీక్ష పెట్టిన ప్రతిసారీ అరచేతిని గాలిలో బోర్లించి, "వెనక్కి తిప్పి సూడుండ్రి. అసలు ప్రశ్న గాడనే ఉంటది" అనేది. తిప్పకుండా పేపరిచ్చి లేచినవాళ్లను మళ్లీ కూర్చోబెట్టేది.

రిటైరయ్యాక సూర్యాపేటలో ఒక్కతే ఉంటోందని విన్నాను. పోయిన ఎండాకాలం మా కుక్కకు టీకా వేయించడానికి పశువుల దవాఖానకు వెళితే అక్కడ కనిపించింది. ఒళ్లో తువ్వాలు, అందులో ముందుకాళ్లు వంకరపోయిన కుక్కపిల్ల.

"ఏం పెడుతున్నరమ్మా?" అని డాక్టర్ అడిగాడు.

ఆమె సంచిలోంచి కుక్కల తిండి ప్యాకెట్ ఒకటి తీసింది. దాని మీద నిగనిగలాడే చికెన్ ముక్కల బొమ్మ ఉంది. "బజార్ల దొరికిన తల్లిలేని పిల్ల సారూ. అగ్గువ ధరది పెట్టబుద్ధి కాలే. పొద్దుమాపు ఇదే పెట్టిన."

డాక్టర్ ప్యాకెట్ తిప్పి, సన్నని ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టాడు. "ఇది పూర్తి ఆహారం కాదు, వేరే తిండిల కలిపి పెట్టాలని ఇక్కడ రాసిన్రు. అన్నం లేకుండ ఉత్త కూర పెట్టినట్టయింది. ఎముకల్ల బలం లేదు. ఇగ ఈ కాళ్లు సక్కగయ్యేది కష్టమే."

బయటికొచ్చాక ఆ ప్యాకెట్ అచ్చేసినవాళ్ల మీద నాకు ఒళ్లు మండింది. "గంత సన్నగ రాస్తే ఎవలు సదువుతరు టీచర్?" అన్నాను.

"సన్నగున్నా ఇంగ్లీషే గద బిడ్డా," అంది ఆమె, కుక్కపిల్ల కాళ్ల మీద తువ్వాలు కప్పుతూ. "నేనే తిప్పి సూడలే."