నాన్న చుక్కాని పిడిని రాజమండ్రిలో పెన్ను చేయించుకున్నాను

నాకు నా పేరు రాయడం వచ్చు. అంతకు మించి రాయడం రాదు. చదవడమంటే కూడబలుక్కుని చదువుతాను. ఇదంతా నేను ఫోన్‌లో చెబుతుంటే అదే అక్షరాలుగా మార్చింది, తప్పులు మా కోడలు దిద్దింది. నా మాట మాత్రం మార్చొద్దని గట్టిగా చెప్పాను.

ఈ ప్రయాణానికి కారణం బ్యాంకు. మొన్నామధ్య డబ్బు తీయడానికి వెళితే కౌంటర్లో కుర్రాడు నా మొహం చూసి, అడగకుండానే ఇంకు డబ్బా నా వైపు తోశాడు. ‘‘సంతకం పెడతాను బాబూ’’ అన్నాను. దారం కట్టిన పెన్ను ఇచ్చాడు. ఎంత గీసినా రాయలేదు. ‘‘పర్లేదండి, వేలిముద్ర వేసెయ్యండి’’ అన్నాడు. వెనక జనం ఉన్నారు, వేశాను. ఆ పూట అన్నం సయించలేదు. అరవై దాటాక పట్టుబట్టి నేర్చుకున్న సంతకం అది. ఇక మీదట నా పెన్ను నా జేబులో ఉండాలి, అది ఎవరి దగ్గరా లేనిది కావాలి అనుకున్నాను.

మాది ఉప్పాడ పక్కన వేట ఊరు. ఫైబర్ పడవలు వచ్చాక నాన్న చెక్క పడవని విప్పేశారు. అందులో మాకు మిగిలింది చుక్కాని పిడి ఒక్కటే. జానెడున్నర టేకు ముక్క. పాత చెక్క తీసుకెళితే రాజమండ్రిలో పెన్ను చేసిస్తారని కోడలు ఫోన్‌లో చూసి చెప్పింది. పిడి అటక మీద నుంచి దించుతుంటే పక్కింట్లో ఉండే మా అక్క సత్తెమ్మ వచ్చి నిలబడింది. ఆ పడవ తెచ్చిన చేపల్ని గంపకెత్తుకుని పిఠాపురం దాకా అమ్మిన మనిషి.

‘‘ఏరా నూకరాజూ, నాలుగు అక్షరాల కోసం నాన్న పిడి కోయిస్తావా?’’

‘‘అటక మీద ఉండి ఏం చేస్తుందే అక్కా? ఎలకలకి నేర్పుతుందా చుక్కాని పట్టడం?’’

‘‘సరే, నేనూ వస్తాను. అది పాడైందో, మళ్ళీ నీ గుమ్మం తొక్కను.’’

మా అక్క అన్నదంటే చేస్తుంది. అన్నకొడుకు పెళ్ళిలో మాట తేడా వచ్చిందని ఇప్పటికీ ఆ ఇంటి వైపు చూడదు.

తెల్లవారగానే పిఠాపురానికి షేర్ ఆటో ఎక్కాం, మనిషికి ముప్పై. అక్కడి నుంచి బస్సులో సామర్లకోట, సామర్లకోటలో రాజమండ్రి వైపు ప్యాసింజరు. గంట పైచిలుకు పడుతుంది. కిటికీ పక్కన కూర్చోవాలంటే ముందుగా స్టేషన్ చేరాలి. గోదావరి స్టేషన్లో దిగి ఆటో మాట్లాడితే డ్రైవరు ఎనభై అన్నాడు. అక్క ‘‘నడిచొస్తాం, నువ్వు మా వెనకే రా’’ అంది. నలభైకి ఎక్కించుకున్నాడు.

పెన్నుల దుకాణం పాత ఊళ్ళో ఒక సందులో ఉంది. ఒకే గది, కిటికీ దగ్గర లేత్ మిషన్. చేసేది వరలక్ష్మి అనే అమ్మాయి, నలభై ఏళ్ళుంటాయి, మామగారి దగ్గర పని నేర్చుకుందట. పిడిని చేతిలోకి తీసుకుని వాసన చూసి మొహం చిట్లించింది.

‘‘దీనికేం పూశారు బాబాయి గారూ?’’

‘‘సొర చేప నూనె. నిన్నంతా నూనె డబ్బాలో నిలబెట్టాను’’ అని గొప్పగానే చెప్పాను. మా దగ్గర అది పద్ధతి. ఎండిన పడవ చెక్కని మళ్ళీ పనిలో పెట్టే ముందు నూనె తాగించాలి, లేకపోతే పగులుతుంది.

‘‘పడవకి మంచిదేనండి. నాకు మాత్రం కష్టం. చెక్కకి బెజ్జం వేసి, లోపల ఇత్తడి గొట్టం జిగురుతో అంటించాలి. నూనెకి జిగురు పట్టదండి. వారం ఎండబెట్టి తీసుకురండి.’’

‘‘ఇంత దూరం వచ్చి తిరిగి వెళ్ళేది లేదు. కానియ్యి’’ అన్నాను.

పిడి మధ్యలో పాత మేకు ఉంది. అక్కడ వదిలేసి కోస్తే రెండు ముక్కలొచ్చాయి. ఒకటి పెన్నుకి, అది పాడైతే పనికొస్తుందని రెండోది. మొదటి ముక్కకి బెజ్జం వేసి, గొట్టం అంటించి, ఆరాక లేత్ మీద ఎక్కించింది. ఉలి తగిలీ తగలగానే లోపల గొట్టం ఊడి తిరిగింది. టప్పుమని చెక్క నిలువునా చీలింది.

అక్క లేచి, చీలిన రెండు బద్దల్నీ తీసి కొంగున కట్టుకుంది. నా వైపు చూడలేదు.

‘‘ఆ రెండోది ఇచ్చెయ్యమ్మా, వెళ్ళిపోతాం’’ అంది.

‘‘పాత నూనెతో ఇబ్బంది లేదు పిన్ని గారూ, అది చెక్కలోనే గట్టిపడిపోయింది. నిన్న తాగిన పచ్చి నూనెతోనే నా గొడవంతా’’ అంది వరలక్ష్మి.

అక్క ఆగింది. ‘‘పచ్చి నూనేనా? ముందే చెప్పొచ్చుగా. సందు చివర హోటల్లో పొయ్యి దేంతో మండిస్తున్నారు?’’

‘‘ఊకతోనండి.’’

మా ఆడవాళ్ళు సొర చేపలు కోసిన పీటలకి నూనె దిగితే, వేడి ఊక బూడిదలో కప్పెట్టి లాగేస్తారు. మగాళ్ళం నూనె పట్టిస్తాం, వాళ్ళు తీస్తారు. నాకు తట్టనే లేదు. హోటల్ వంటాయన డబ్బాలోకి వేడి బూడిద ఎత్తుతూ ‘‘ఏం చేసుకుంటారమ్మా ఇది?’’ అని అడిగాడు.

‘‘తింటాం. నీ ఇడ్లీ కంటే మెత్తగా ఉంది’’ అంది అక్క.

రెండో ముక్కకి ముందే బెజ్జం వేయించి, ఆ బెజ్జంలోనూ బూడిద కూరి, డబ్బాలో పాతిపెట్టింది. బూడిద నల్లబడి ముద్దయినప్పుడల్లా మార్చింది. మేం భోజనం చేసొచ్చేసరికి బూడిద పొడిగానే ఉంది. వరలక్ష్మి బెజ్జం లోపల స్పిరిట్‌తో తుడిచి మళ్ళీ గొట్టం అంటించింది.

ఈసారి ఉలి తగిలినప్పుడు నేను గోడ వైపు తిరిగాను. చెక్క పొట్టు రాలుతున్న చప్పుడు ఆగకుండా వచ్చింది. ‘‘ఇటు తిరగరా పిరికోడా’’ అంది అక్క. పైన నల్లగా ఉన్న చెక్క లోపల తేనె రంగులో ఉంది. మేకు తుప్పు దిగిన చోట ఒక నల్లచార. ‘‘అరగదీసెయ్యనా బాబాయి గారూ?’’ అంటే వద్దన్నాను. పాళీ, నల్ల క్యాప్ బిగించి ఇంకు నింపి ఇచ్చింది. మొత్తం రెండు వేల ఐదొందలైంది. చీలిన ముక్కకి ఏమీ తీసుకోలేదు.

రాసి చూడమని వరలక్ష్మి ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టబోతుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

‘‘వేట దిగితే పడవకో పాలు, వలకో పాలు, మనిషికో పాలు. బూడిద నాది. నా పాలేదిరా?’’

‘‘పెన్నుని ముక్కలు చెయ్యమంటావా ఏంటే?’’

‘‘ముందు నా పేరు రాయి. తర్వాత నీది.’’

నాకు రాదు. డెబ్బై ఏళ్ళుగా నోట్లో నానుతున్న పేరు చేత్తో రాయడం రాదు. వరలక్ష్మి ముందు ఆ మాట అనడం నాకు చాలా కష్టమైంది. అన్నాను. ‘‘నేను రాసిస్తానండి’’ అని ఆ అమ్మాయి పెన్ను అందుకోబోతే అక్క ఒప్పుకోలేదు. అందుకని తన పెన్సిల్‌తో నమూనా రాసిచ్చింది. దాన్ని చూసి దించడం మొదలుపెట్టాను. మొదటి అక్షరం కుదిరింది. ఒత్తులు చుక్కాని లేని పడవల్లా ఎటో పోయాయి. కాగితం నిండిపోయాక ఒక్కటి సరిగా వచ్చింది. మా రైలు ఈలోగా వెళ్ళిపోయింది. బస్సులో తిరిగొచ్చాం.

తర్వాత బ్యాంకుకి వెళ్ళి నా పెన్నుతోనే సంతకం పెట్టాను. ఆ కుర్రాడు ‘‘పెన్ను బాగుందండి’’ అన్నాడు. బాగుంటుంది మరి. కానీ ఆ పెన్ను మొదట రాసింది నా పేరు కాదు. అరచెయ్యి వేడెక్కితే ఇప్పటికీ దాన్నుంచి సొర నూనె వాసన వస్తుంది. చీలిన బద్దలు అక్క దేవుడి గూట్లో ఉన్నాయి, ఆ కాగితమూ అక్కడే ఉంది. మా గుమ్మం మానలేదు సరికదా, ‘‘మర్చిపోయావేమో, రాయి’’ అంటూ రెండు రోజులకోసారి వస్తోంది. రాస్తున్నాను. ఒత్తులు కుదురుతున్నాయి.

మీరూ ఇంట్లో పాత చెక్క తీసుకెళ్ళేటట్టయితే ఒక్కటే చెబుతాను: దానికి నూనె, వార్నిష్ ఏదీ పూయకుండా ఉన్నదున్నట్టుగా, కాస్త పెద్ద ముక్కే తీసుకెళ్ళండి. ఒకటి చీలినా ఇంకోటి ఉంటుంది.