నలభై దాటని ముల్లు

నా చిన్నప్పుడు మా ఇంటికి కొత్త కారు వస్తే, మా తాతయ్య దాన్ని నలభై దాటనివ్వలేదు. ఈ మాట అనగానే మా బంధువుల్లో సగం మంది నవ్వుతారు. నలభైని నాలుగు వందలు చేసి చెబుతానని నాకొక పేరుంది. మొన్న ఒక పెళ్లిలో పాము కథ మొదలుపెడితే మా మేనకోడలు "అత్తా, పొడుగు జెర తగ్గించి చెప్పు, ఇంట్ల పట్టాలె గద" అన్నది. సరే, ఈ సంగతి తగ్గించే చెబుతాను. దీనికి నేను కలపవలసింది ఏమీ లేదు. ఉన్నదే ఎక్కువ.

మా తాతయ్యకు పటాన్‌చెరు బజారులో గింజల దుకాణం ఉండేది. జొన్నలు, కందులు, ఎండు మిరపకాయలు. బజారులో లూనా మోపెడ్ కొన్నవాడే గొప్పవాడుగా ఉన్న కాలంలో ఆయన తెల్లటి చిన్న కారు తెచ్చాడు. షోరూం మనిషి తాళంచెవితోపాటు కొన్ని నియమాలు కూడా ఇచ్చి పంపాడు. మొదటి వెయ్యి కిలోమీటర్లు నలభై దాటకూడదు. ఎక్కువ బరువు వేయకూడదు. మధ్యలో ఆపి, బానెట్ ఎత్తి చల్లారనివ్వాలి. రేడియేటరులో తేట నీళ్లే పోయాలి. అలా చేస్తేనే లోపలి ఇనుము ఒకదానికొకటి అలవాటుపడి ఇంజను ఫ్రీ అవుతుందట. తాతయ్యకు ఇది కొత్తగా అనిపించలేదు. "కొత్త కోడెకు కాడి అలవాటు చేసినట్టే గదరా" అని ఆ నియమాలను మంత్రంలా పట్టుకున్నాడు.

ఒకటే చిక్కు. ఆయన కళ్లు దూరం బాగా చూస్తాయి, దగ్గరిది చూడలేవు. రోడ్డు కనిపిస్తుంది, స్పీడు ముల్లు కనిపించదు. ఆ పని నాకు అప్పగించారు. ముందు సీటులో కూర్చుని, తల వంచి, ముల్లునే చూస్తూ ఉండాలి. అది నలభై మీదికి పాకితే "దాటింది తాతా" అని అరవాలి. బడి వదిలాక రోజూ ఇదే పని. మా నాయనమ్మ గడపలో నిలబడి సాగనంపుతూ, "ఇంజను ఫ్రీ అయితదో లేదో గాని, ముసలాయనకు బుద్ధి మాత్రం పూరా ఫ్రీ అయింది" అనేది.

మా దారి ఎప్పుడూ ఒకటే. బొంబాయి హైవే మీద కొంత దూరం వెళ్లి, కర్దనూర్ వైపు మళ్లి, మా మేనత్త ఊరి బయట ఉన్న కుంట దగ్గర ఆగేవాళ్లం. ఇంజను చల్లారే దాకా అక్కడే ఉండేవాళ్లం. పొద్దు వాలే వేళ. ఫ్యాక్టరీ గొట్టాల పొగ తిన్నగా పైకి పోకుండా, బరువెక్కినట్టు పొలాల మీదికి వంగేది. సూర్యుడు ఆ పొగలో దిగుతుంటే ఆకాశం పండిన పుండులా ఉండేది. కుంట దగ్గర ఒక వాసన ఉండేది. కుళ్లిన గుడ్డు వాసనా కాదు, మందుల దుకాణం వాసనా కాదు, రెండూ కలిసి గొంతులో కూర్చునే వాసన. కుంటలో కప్పలు అరిచేవి కావు. అది నేను గమనించింది కాదు, మేనత్త చెప్పింది. చెప్పాక ఇక ఆ నిశ్శబ్దం తప్ప మరేమీ వినబడేది కాదు.

చీకటి పడే వేళ ట్యాంకర్లు వచ్చి, ఏదో ఫ్యాక్టరీ కడిగిన నీళ్లను కుంటలోకి వదిలిపోయేవి. ఏ ఫ్యాక్టరీవో ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్లు చెప్పరు. మేనత్తకు రెండు బర్రెలుండేవి. ఒకటి ఆ ఎండాకాలంలోనే నురగ కక్కి కుంట గట్టు మీద పడిపోయింది. మిగిలింది ఒకటి, అదీ చూలుతో ఉంది. ఊళ్లో ఉన్న ఒక్క బోరు నీళ్లు మనుషులకే చాలవు. దాని తాడు పట్టుకుని మేనత్త రోజంతా కుంటవైపు పోకుండా కాపలా కాసేది. "ఇది గూడ పోతే నేను ఊరిడిచి కంపెనీల ఊడ్చెటందుకు పోవుడే నాయినా" అని ఒకసారి తాతయ్యతో అన్నది. ఆమె ఏడ్చి ఉంటే బాగుండేది. ఆమె ఏడవలేదు, తాడును ఇంకో చుట్టు చేతికి చుట్టుకుంది.

ఇప్పుడు తాతయ్య సీసా సంగతి చెప్పాలి. రేడియేటరుకు తేట నీళ్లు కావాలి కదా. ఆయన ఒక గాజుసీసా వెంట తెచ్చుకునేవాడు. కుంట నీళ్లు ఈ రోజైనా పనికొస్తాయేమోనని గట్టు దిగి సీసా నింపి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని, కళ్లు చిట్లించి చాలాసేపు చూసేవాడు. నీళ్లు టీ రంగులో ఉండేవి, అడుగున ఏదో తేలి తిరిగేది. మూత బిగించి, మేనత్తకు చూపించడానికో, మెకానిక్కుకు చూపించడానికో కారు ముందు అద్దం దగ్గర పెట్టేవాడు. తెల్ల ధోవతి, తెల్ల చొక్కా, నంబరు ఇంకా పడని తెల్ల కారు. రోజూ ఒకే వేళకు, నత్తలా నడుస్తూ వచ్చి, నీళ్లు సీసాలో పట్టి చూసి వెళ్లే ముసలాయన. పక్కన తల ఎత్తకుండా ఏదో రాసుకుంటున్నట్టు కూర్చున్న పిల్ల. దూరం నుంచి మేము ఎలా కనిపిస్తున్నామో మాకు తట్టలేదు.

ఒకరోజు గట్టు మలుపులో ట్యాంకరు ఒకటి కనబడింది. మమ్మల్ని చూసి ఆగింది. లైట్లు ఆర్పేసింది. కాసేపు అలాగే ఉండి, వెనక్కి వెనక్కి పోయి తుమ్మచెట్ల వెనక మాయమైంది. మరునాడూ అంతే. మూడోనాడు మేనత్త మెల్లగా వచ్చి, "నాయినా, మీ బండి వచ్చినకాడికెళ్లి అవి వదుల్తలెవ్వు. మిమ్ముల జూసి ఏదో ఆఫీసోళ్లనుకుంటున్నరు" అన్నది. తాతయ్య నవ్వబోయి ఆగిపోయాడు. చేతిలో సీసా వైపు ఒకసారి, కారు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. బానెట్ దించి, "ఎక్కు బిడ్డా, జల్దీ" అన్నాడు. ఆయన నోట జల్దీ అనే మాట ఆ కారులో నేను వినడం అదే మొదలు.

తిరుగు దారిలో సగం దాకా ఏమీ లేదు. తరువాత వెనక అద్దం నిండా పసుపుపచ్చటి వెలుతురు నిండింది. ట్యాంకరు. హారన్ కొట్టలేదు, పక్కకు తప్పుకోలేదు, మా వెనకే, మా వేగానికే నడిచింది. దాని ఇంజను రొద నా సీటు కింది నుంచి వస్తున్నట్టుంది. నాది చిన్న బుర్ర, చిన్న ఉపాయమే తోచింది. "ఉరికిద్దాం తాతా, తొక్కు" అన్నాను. ఆయన రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా, "ముల్లు జూడు" అన్నాడు అంతే. ముల్లు చూశాను. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. అది వణుకుతున్నట్టు నాకు అనిపించింది. పరుగెత్తేవాణ్ణి చూస్తే కుక్కకు కూడా తెలుస్తుంది, వీడు భయపడ్డాడని. ఆ లెక్క తాతయ్యకు తెలుసని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

ట్యాంకరు ఒక్కసారిగా మమ్మల్ని దాటి రోడ్డుకు అడ్డంగా నిలిచింది. మెడకు గళ్ల తువ్వాలు చుట్టుకున్న మనిషి దిగి, తాతయ్య వైపు కిటికీ మీద మోచేయి ఆనించి వంగాడు. ఆ మనిషి బట్టల్లోంచి కుంట వాసనే వచ్చింది.

"ఏం సారూ, రోజూ ఇటే తిరుగుతున్నవ్. ఏ ఆఫీసు?"

"ఆఫీసు గీఫీసు ఏంలేదు బిడ్డా. పటాన్‌చెరుల గింజల దుకాణం నాది. కొత్త బండి. ఇంజను ఫ్రీ గావాలని తిప్పుతున్న."

ట్యాంకరు లోపలి నుంచి ఇంకెవరో హిందీలో అడిగారు, ముసలాయన ఏమంటున్నాడని. తువ్వాలు మనిషి తల తిప్పకుండానే, దుకాణపాయననంటున్నాడని హిందీలోనే, "దుకాన్‌వాలా బోల్తా" అన్నాడు. దుకాణపాయన ఇంత మెల్లగా నడుపుతాడా అని లోపలి గొంతు పకపకా నవ్వి, "దుకాన్‌వాలా ఇత్నా ధీరే చలాతా క్యా?" అన్నది. తువ్వాలు మనిషి మాత్రం నవ్వలేదు. ముందు అద్దం దగ్గరున్న సీసాను చేయి చాచి తీసుకున్నాడు.

"దుకాణపాయన సీసాల నీళ్లు వట్టుకపోతడా?"

"రేడియేటర్ల పోద్దామని సూసిన. ఇంజనుకు గూడ పనికొచ్చెటట్టు లెవ్వు."

అది నిజం. మేము ఆ సాయంత్రం చెప్పిందంతా నిజమే. కానీ ఒక్కొక్క నిజం బయటికి వచ్చేకొద్దీ ఆ మనిషి మొహం ఇంకా గట్టిపడింది. ఆయన నా వైపు చూశాడు. "పాపా, గంట సేపు తల వంచి ఏం రాస్తుంటవ్?" అన్నాడు. రాయడం లేదని, ముల్లు చూస్తున్నానని, నలభై దాటకూడదని చెప్పాను. ఖాళీగా ఉన్న నా రెండు చేతులూ ఎత్తి చూపించాను. ఆయన నా చేతుల్ని కాదు, నా మొహాన్ని చాలాసేపు చూశాడు. మళ్లీ ఎక్కడ కనబడినా గుర్తుపట్టడానికన్నట్టు చూశాడు. ఇప్పటికీ నాకు ఆ చూపు గుర్తే.

"ఎప్పటికైతది ఫ్రీ, నీ ఇంజను?"

"నాకేమెరుక బిడ్డా. అయ్యేదాక రోజూ రావాలె గద."

"ఈ రోడ్డు మంచిది కాదు తాతా. మనవరాలున్నది బండ్ల."

"అందుకే మెల్లగ నడుపుతున్న" అన్నాడు మా తాతయ్య.

ఆ మనిషి సీసా మూత తీసి, నీళ్లను మా కారు పక్కనే మట్టిలో పోశాడు. మట్టి మీద తెల్లటి నురగ లేచి, చిన్నగా చిటచిటమని, ఇంకకుండా చాలాసేపు అక్కడే నిలిచింది. ముగ్గురం దాన్నే చూశాం. తర్వాత ఖాళీ సీసా నా ఒళ్లో పెట్టి, "తీస్కపో" అన్నాడు. ట్యాంకరు పక్కకు జరిగింది. జరగడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పను. చెబితే పెంచానంటారు.

కారు మళ్లీ కదిలింది. గేరు మీద ఉన్న తాతయ్య ఎడమ చేయి అదురుతోంది. దాన్ని ఆపాలని తొడ కింద పెట్టుకున్నాడు, అక్కడా అదిరింది. బజారు దీపాలు కనబడ్డాయి. అప్పుడు ఆయన అడిగింది ఒక్కటే.

"దాటిందా?"

"లేదు తాతా."

ఇంటికి వచ్చాక నాయనమ్మకు ఎవరమూ ఏమీ చెప్పలేదు. కానీ ఆమె నా ఒళ్లో ఖాళీ సీసా చూసింది, ఆయన అన్నం కలిపి తినకుండా లేవడం చూసింది. మరునాటి నుంచి నన్ను కారు ఎక్కనివ్వలేదు. "మొండి ముసలోడా, బర్రె గావాల్నా పానం గావాల్నా?" అని తాతయ్య మీద అరిచింది. వేళ కాగానే ఆయన అరుగు మీద కూర్చున్నాడు. చేతిలో తాళంచెవి సన్నగా గలగలమంటోంది. చెంబెడు నీళ్లు తాగాడు. మీసం తుడుచుకున్నాడు. లేచి వెళ్లి కారు తీశాడు. నేను కిటికీ ఊచలు పట్టుకుని, ఆ తెల్ల కారు సందు మలుపు తిరిగే దాకా చూశాను. ఆయన తిరిగి వచ్చే దాకా నాయనమ్మ పొయ్యి వెలిగించలేదు.

వెయ్యి కిలోమీటర్లు నిండాయి. నంబరు ప్లేటు వచ్చింది. మెకానిక్కు బానెట్ ఎత్తి చెవి పెట్టి విని, "ఇగ ఎంత తొక్కినా ఫికర్ లేదు సేటు, వెన్నలెక్క నడుస్తది" అన్నాడు. అయినా తాతయ్య ఆ వేళకు ఆ దారినే, ఆ వేగంతోనే పోతూ వచ్చాడు. ట్యాంకర్లు ఆ కుంటను వదిలేశాయి. రెండు వానలు పడ్డాక మేనత్త బర్రె ఈనింది. మొదటి పాల జున్ను మా ఇంటికి పంపింది. నాయనమ్మ అది అందరికీ పెట్టి, తాతయ్యకు రెండింతలు పెట్టి, "తిను, ఆఫీసరు సారూ" అన్నది.

కథను నేను అక్కడ ఆపి ఉంటే మీకూ నాకూ సుఖం. కానీ కొన్నాళ్లకు గుమ్మడిదల వైపు నుంచి ఒక రైతు మిరపకాయలు తెచ్చాడు. తూకం వేస్తుండగా మాటల్లో, "మా వాగుల చేపలన్ని తేలినయ్ సేటు. ఇంతకుముందు లేని ట్యాంకర్లు ఇప్పుడు మా దిక్కు వస్తున్నయ్" అన్నాడు. దుకాణంలో బస్తా మీద కూర్చుని ఉన్న నేను తాతయ్య మొహం చూశాను. మేనత్త ఊరి నుంచి అవి పోయాయని మేము జున్ను తిన్నాము. ఎక్కడికి పోయాయని ఒక్కరమూ అడగలేదు. ఆయన తూకం రాయి తీసి పక్కన పెట్టాడు. ఆ సాయంత్రం అరుగు మీద మళ్లీ తాళంచెవి గలగలమంది, మళ్లీ చెంబెడు నీళ్లు తాగాడు. కారు ఈసారి గుమ్మడిదల దిక్కు తిరిగింది. అక్కడ ఆయన ఎంతవరకు గెలిచాడో నాకు తెలియదు. అది చాలా పెద్ద వాగు. ఆయన ఒక్కడు, అదీ నలభై దాటని కారులో.

ఇప్పుడు ఆ తాతయ్య లేడు, ఆ కారు లేదు. ట్యాంకర్లు మాత్రం ఉన్నాయి. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ట్యాంకరును మేడంత చేస్తాను, తువ్వాలు మనిషికి నిప్పుల కళ్లు పెడతాను, కుంట నీళ్లను ఆకుపచ్చగా మండిస్తాను. తాతయ్య ధైర్యవంతుడని మాత్రం ఎన్నడూ చెప్పను, ఆయన కాదు గనుక. తొడ కింద దాచినా ఆగని ఆ చేతిని నేను పక్కన కూర్చుని చూశాను. భయం తగ్గాక వెళ్దామని ఆగి ఉంటే ఆయన మళ్లీ ఆ దారి తొక్కేవాడే కాదు. నాకూ జీవితంలో కొన్ని గడపలు దాటవలసి వచ్చింది, కొందరి ఎదుట నిలబడవలసి వచ్చింది. ప్రతిసారీ చేతులు అదిరాయి. అదురుతున్న చేతులతో కూడా తాళం తిప్పవచ్చునని ఆ అరుగు మీద చూసినదాన్ని కనుక ఆగలేదు.