గాలి తీసిన పెద్దాయన

ఖతర్‌లో ఒక శుక్రవారం, సలీం భాయ్ పాత స్టేషన్ వ్యాగన్‌కు చిన్న క్యాంపర్ ట్రైలర్ తగిలించుకుని సముద్రం ఒడ్డుకు బయలుదేరాం. బరువు లాగాలి కదా అని టైర్లలో గాలి నిండుగా కొట్టించింది నేనే. నీళ్లు కనిపించేసరికి బండి ఇసుకలో కూరుకుపోయింది.

"ఉన్న ఒక్క సెలవు ఈడనే మునిగె తమ్మీ!" అన్నాడు సలీం.

అటుగా వచ్చిన ఒక ఖతరీ పెద్దాయన తన కొత్త బండి దిగి, సలాం చెప్పి, మా టైర్ల గాలి తీయసాగాడు.

"బాబా, మేమేం పాపం జేసినం!" అని మొత్తుకున్నాను.

"హవా కమ్, గాడీ చలేగా!" అని వచ్చీరాని హిందీలో నవ్వుతూ అన్నాడాయన.

"గాలి తగ్గితేనే బండి కదుల్తదట, ఇసుకల టైరు మెత్తగుండాల్నట," అన్నాడు సలీం.

పెద్దాయన వయసులో ఉన్నప్పుడు ఇలాంటి వ్యాగనే నడిపాడట. తన బండి తాళాలు నా చేతిలో పెట్టి, "యల్లా, చలో!" అంటూ మా డొక్కు బండిని ట్రైలర్‌తో సహా దూకించుకుపోయాడు. ఆయన బండిని నేనెంత భద్రంగా నడిపానంటే, నా పక్కన కూర్చున్న సలీం దిగి నడిచి నాకంటే ముందే ఒడ్డుకు చేరాడు.