కాలవ అవతలి హైస్కూలు

వేములకట్ట జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పే బసవయ్య మాస్టారికి బీపీ లేదు, షుగరు లేదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే, తాటిపాలెం హైస్కూలు. అది కాలవ అవతల మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది. అదీ జిల్లా పరిషత్‌దే, ఇదీ జిల్లా పరిషత్‌దే. అవే పుస్తకాలు, అదే కోడిగుడ్డు, అవే జీతాలు. కానీ టెన్త్ ఫలితాలు వచ్చిన రోజున హనుమాన్ జంక్షన్ టీకొట్ల దగ్గర కూడా తాటిపాలెం పేరే వినిపించేది. వేములకట్ట పేరు ఎవరైనా ఎత్తారంటే అక్కడ బస్సు ఆగుతుందా ఆగదా అని అడగడానికే.

తాటిపాలెం స్కూలు హెడ్మిస్ట్రెస్ గౌసియా మేడం ఒకప్పుడు గన్నవరం దగ్గర ఓ బడిలో ఆయనకు జూనియర్. మార్కుల రిజిస్టరు ఎలా రాయాలో ఆవిడకు నేర్పింది ఈయనే. ఇప్పుడు మండల మీటింగుల్లో ఆవిడ మాట్లాడితే అందరూ రాసుకుంటారు, ఈయన లేచి నిలబడితే అందరూ టైము చూసుకుంటారు. మరి ఒళ్లు మండదూ?

తాటిపాలెం మీదుగా స్కూటరు పోనిచ్చినప్పుడల్లా మాస్టారు అక్కడి ప్రహరీగోడకు వేసిన కొత్త రంగు చూసేవారు, కుళాయిల దగ్గర వరసలో నిలబడ్డ పిల్లల్ని చూసేవారు, ఇంటికొచ్చి అన్నం సయించక కంచం ముందు కూర్చునేవారు. భార్య మాణిక్యమ్మ పొరుగింటి పుల్లకూర రుచండీ మీకు అని దెప్పేది. ఆ పుల్లకూరకే వంద శాతం పాసొచ్చిందే అని ఆయన ఉడుక్కునేవారు.

క్లాసులోనూ అదే పాట. మ్యాపులో గోదావరిని తమిళనాడులో పారించిన వాడికీ, హోంవర్కు ఎగ్గొట్టిన వాడికీ ఒకటే మందు వేసేవారు. తాటిపాలెం పిల్లల్ని చూసి సిగ్గు తెచ్చుకోమనేవారు. అలా పొడిస్తే పిల్లల్లో పౌరుషం పుడుతుందని ఆయన గట్టి నమ్మకం. ఎంత పౌరుషం పుట్టిందో ఫలితాల్లో ఏటా కనిపించేది.

ఆయన్ని నిజంగా కోసేసింది మాత్రం రుచిత. ఏడో తరగతి దాకా వేములకట్టలోనే చదివింది, క్లాసు ఫస్టు. మ్యాపు గీస్తే అచ్చు వేసినట్టుండేది. ఎనిమిదిలోకి వచ్చేసరికి టీసీ తీసుకుని కాలవ దాటిపోయింది. అక్కడితో పోయినా బాగుండేది. ఇల్లు వేములకట్టలోనే కదా, రోజూ పొద్దున్నే సైకిలు మీద ఈ బడి గేటు ముందు నుంచే వెళ్లేది, కనిపిస్తే నమస్తే సార్ అనేది. మాస్టారు గేటు గొళ్లెం సరిచేసుకుంటున్నట్టు వంగిపోయేవారు. మూడేళ్లలో ఒక్కసారి కూడా ఆ నమస్తేకు బదులివ్వలేదు.

ఆ మూడేళ్లకు దేవుడు కిరీటిని ఇచ్చాడు. వేములకట్ట నుంచి మండలం ఫస్టు రాగల కుర్రాడు ఇన్నాళ్లకు ఒకడు దొరికాడు. మాస్టారు ఆదివారాలు కూడా వాణ్ణి కూర్చోబెట్టి చదివించారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి గౌసియా మేడం తనకు ఫోన్ చేసి కంగ్రాట్స్ చెప్పాలి. ఆయన కోరిక అంతకు మించి లేదు. దానికి అడ్డం రుచిత ఒక్కతే.

మార్చిలో లెక్కల పరీక్ష రోజున ఆయనకు జంక్షన్ సెంటర్లో ఇన్విజిలేషన్ పడింది. గదిలో అందరూ తాటిపాలెం పిల్లలే. కిటికీ పక్క మూడో బెంచీలో రుచిత. చివరి బెల్లు కొట్టగానే పేపర్లు ఇచ్చేసి పిల్లలంతా బిలబిలమంటూ వెళ్లిపోయారు. మాస్టారు జవాబు పుస్తకాలు వరసగా పేర్చుకుంటుంటే మూడో బెంచీ కింద గ్రాఫు కాగితం కనిపించింది. అది జవాబు పుస్తకానికి దారంతో కట్టి ఇవ్వాల్సింది. తొందరలో పిల్ల కట్టడం మరిచిపోయింది. గీత గీతా తీర్చినట్టుంది. ఎనిమిది మార్కులు.

మరిచిపోయింది ఆ పిల్ల, నేను కాదు, అనుకున్నారు మాస్టారు. నేను చింపలేదు, దాచలేదు. నేల మీద కాగితాలు ఊడ్చేవాళ్లు ఊడుస్తారు. గౌసియా మేడం బడికి ఒక్క ఏడాది ఎనిమిది మార్కులు తగ్గితే కొంపలేం మునగవు. అలా అనుకుంటూ కాగితాన్ని మడిచి అటెండెన్సు షీటు కింద పెట్టారు కూడా. కట్టలు పట్టుకురమ్మని ఆఫీసు రూములోంచి కేక వినిపించింది. ఇదే ముక్కూ మొహం తెలియని పిల్లదైతే ఏం చేసి ఉండేవాణ్ణి అని ఆయన తనను తానే ప్రశ్నించుకున్నారు. వచ్చిన జవాబు ఆయనకు బొత్తిగా నచ్చలేదు. పళ్లు నూరుకుంటూ కాగితం బయటికి తీసి మడత విప్పి, రుచిత జవాబు పుస్తకానికి దారం బిగించి కట్టేశారు.

ఏప్రిల్‌లో ఫలితాలొచ్చాయి. రుచితకు లెక్కల్లో నూటికి నూరు, మొత్తం ఐదు వందల ఎనభై ఒకటి. కిరీటికి ఐదు వందల డెబ్బై నాలుగు. సోషల్ మాస్టారే అయినా ఆ తీసివేత ఆయనకు చిటికెలో వచ్చింది. ఎనభై ఒకటిలోంచి ఎనిమిది పోతే డెబ్బై మూడు. ఒక్క మార్కుతో మండలం ఫస్టు వేములకట్టదయ్యేది. తన చేత్తో తనే ముడివేసి మరీ దాన్ని కాలవ అవతలికి పంపించారు. ఎవరితోనైనా చెప్పుకుందామా అంటే చెప్పుకునే సంగతా అది? పైగా గౌసియా మేడం ఫోన్ చేసి కిరీటిని ఎంతో మెచ్చుకుంది. ఆ మంచితనానికి మాస్టారి కడుపు మరింత మండింది.

మర్నాడు ఆయన కిరీటి మార్కుల వివరాలు రాసుకుంటూ స్టాఫ్ రూములో ఒంటరిగా కూర్చుని ఉంటే రుచిత వచ్చింది. సెంటరు గేటు దాటాక గ్రాఫు సంగతి గుర్తొచ్చిందట. లోపలికి వెళ్లనివ్వలేదట. ఈ నెలరోజులూ అమ్మకు గానీ మేడానికి గానీ చెప్పే ధైర్యం లేక కుమిలిపోయిందట. నిన్న నూరు మార్కులు చూశాకే అర్థమైందట.

“ఆ రూములో మీరొక్కరే ఉన్నారు సార్. మీరే కట్టుంటారు.”

 మూడేళ్లుగా అడగాలనుకున్నది మాస్టారు అప్పుడు అడిగేశారు.

“మా బడి నీకేం తక్కువ చేసిందమ్మా? ఎందుకెళ్లిపోయావు?”

రుచిత తల దించుకునే చెప్పింది.

“మీరే కదండీ రోజూ చెప్పేవారు, తాటిపాలెం పిల్లల్ని చూడండి, తాటిపాలెం పిల్లల్ని చూడండని. అంత మంచి బడి అయితే అక్కడికే పోదామని నేనే మా అమ్మతో పోట్లాడానండి. మీరు చెప్పింది నిజమే సార్. మంచి బడే.”

మాస్టారు పెన్ను కింద పెట్టారు. అలా అనుకున్నది నువ్వొక్కదానివేనా అని అడిగారు.

“కాదండీ. మా క్లాసులో ఏడుగురం.”

ఆ ఏడుగురి పేర్లూ మాస్టారికి కంఠతా వచ్చు. ఆ ఏడుగురినీ గౌసియా మేడమే మాయమాటలు చెప్పి లాగేసుకుందని మూడేళ్లుగా మండలమంతా చెప్పుకు తిరిగింది ఆయనే.