కిటికీ రెక్క లాగేవాళ్ళు లేని వీధి

పొద్దున్నే కాఫీ గిన్నెలు తొట్టిలో పడేసి తాళాల గుత్తి అందుకోవడం నొరీన్‌కీ, ఆమె మొగుడు లజార్‌కీ ఏళ్ళనాటి అలవాటు. ఆయన మేడ మీదికి, ఈమె కింది గదుల్లోకి. పైనుంచి ఆయన కిటికీ రెక్కలు బార్లా తెరిచి, "గాలొచ్చింది రోయ్!" అని కేకేసేవాడు. "నీ గాలి పాడుగాను, దుమ్మంతా నా నెత్తిన పోశావు" అని కిందనుంచి ఈమె తిట్టేది. ఒకిల్లు అయ్యాక ఇంకోటి. మధ్యాహ్నం దాటాక మళ్ళీ అన్నీ మూసుకుంటూ వచ్చేవాళ్ళు.

ఆ ఇళ్ళు వాళ్ళవి కావు. పారిస్ వాళ్ళవి, లండన్ వాళ్ళవి, ముఖం కూడా చూడని వాళ్ళవి. వేసవిలో నాలుగు వారాలుండి పోతారు. మిగతా ఏడాదంతా ఉప్పుగాలికి చెక్క కుళ్ళకుండా, గోడలు చెమ్మగిల్లకుండా కనిపెట్టుకుని ఉండటం వీళ్ళ పని. పడవ అమ్ముకున్నాక లజార్‌కి దొరికిన పని అదే. ఫ్రాన్సు దక్షిణపు ఒడ్డున సాన్ ట్రొపే రేవులో తెల్ల ఓడలు చూడటానికి లోకమంతా వస్తుంది గానీ, రేవు వెనక ఆ సందులో చలికాలం పొయ్యి వెలిగేది వీళ్ళ ఒక్క ఇంట్లోనే.

మంగళవారంతో ఆ పని ఆగిపోయింది. మూలింటి మెట్లెక్కుతూ లజార్ రెయిలింగు పట్టుకుని కూర్చున్నాడు, మరి లేవలేదు. అప్పటినుంచి గుత్తి మేకుకే వేలాడుతోంది. నొరీన్ కాఫీ కూడా పెట్టుకోవడం లేదు. ఒక్కదానికి ఎన్ని నీళ్ళు పోయాలో చేతికి తెలియడం లేదు.

ఆమె మనసులో ఒకటే గుచ్చుకుంటోంది. ఆ వీధిలో పెట్టె వెళ్ళే పద్ధతి ఒకటుంది. శవపేటిక తమ ఇంటి ముందుకి రాగానే లోపలున్నవాళ్ళు కిటికీ రెక్కల్ని సగం దాకా లాగుతారు. చెక్క చప్పుడవుతుంది. అది దాటాక పక్కింట్లో, ఆ తర్వాత ఎదురింట్లో. పోయే మనిషి ఆ చప్పుళ్ళు వింటూ పోవాలి. లజార్ తండ్రి అలాగే వెళ్ళాడు. ముందే మూసి ఉన్న కిటికీ లెక్కలోకి రాదు, అది ఖాళీ ఇల్లు. తెరిచి ఉండాలి, లోపల మనిషుండాలి, ఆ మనిషి లాగాలి.

ఇప్పుడు వీధంతా మూసే ఉంది. ఎవరి కోసమూ కాకుండా.

"నేను పోతే ఎవరు లాగుతారే?" అనేవాడు లజార్, నవ్వుతూనే. "నువ్వా, నా వెనక నడవాలి. నేనా, పెట్టెలో ఉంటాను." ఆ నవ్వు వెనకాల ఏముందో నొరీన్‌కి తెలుసు. అందుకే ఆయన పోయిన సాయంత్రమే ఆడపడుచు జెనీకి ఫోను చేసింది. జెనీ లజార్‌కి అక్క. తండ్రి ఇల్లు అమ్మేశాక కొండవైపు ఊళ్ళో చిన్న వాటాలో ఉంటోంది. ఆ వీధిలో పుట్టిన ముసలాళ్ళంతా ఇప్పుడు అక్కడే.

"వదినా, తాళాలన్నీ నా దగ్గరే ఉన్నాయి. పెట్టె వెళ్ళే రోజు పొద్దున్నే అన్నీ తెరిచిపెడతాను. ఎవరిల్లు వాళ్ళు ఎక్కి నిలబడితే చాలు."

"ఎవరిల్లే? అమ్ముకుని తినేసిన ఇళ్ళు. ఆ పారిస్ వాళ్ళు చూస్తే దొంగలని పట్టిస్తారు."

"మార్చినెలలో ఎవరు చూస్తారు వదినా."

"సరేలే. వాడు నా చేతుల్లో పెరిగినవాడు. అందర్నీ లాక్కొస్తాను" అంది జెనీ.

శుక్రవారం పొద్దున నొరీన్ నల్లబట్టలు కట్టుకుని ఒక్కత్తే వీధంతా తిరిగింది. మేడలన్నీ తనే ఎక్కింది. రెక్కలు గోడకి ఆనించి కొక్కేలు తగిలించింది. ఆఖరింట్లో ఉండగా ఫోను మోగింది. ఇళ్ళ బాగోగులు చూసే ఏజెంటు దుక్రే.

"మీ ఆయన సంగతి విన్నానమ్మా. బంగారంలాంటి మనిషి. అన్నట్టు, రేపు మూలింటికి చుట్టాలొస్తున్నారు, కాస్త గాలాడనివ్వండి."

"తెరిచే ఉన్నాయి బాబూ" అంది నొరీన్.

బస్సు దిగింది ఇద్దరే. జెనీ, లజార్‌తో చేపలకెళ్ళిన బతిస్తిన్.

"మిగతావాళ్ళేరి?" అంది నొరీన్.

"ఒకడికి నడుం, ఒకత్తెకి దగ్గు, ఇంకొకత్తెకి కోడలు" అంది జెనీ విసురుగా. "రానని ఎవరూ అనలేదులే. మూలుగులు మూలిగారు."

"నేనొచ్చానుగా చెల్లెమ్మా" అన్నాడు బతిస్తిన్, కుంటి మోకాలు రుద్దుకుంటూ. "ఎక్కిస్తే ఎక్కుతాను. దింపడం మాత్రం నీ వల్ల కాదు, వాడికి తోడు నన్నూ మోసుకుపోండి."

జెనీ అతని వీపు మీద ఒకటి చరిచింది. ముగ్గురూ ఓ క్షణం నవ్వబోయి ఆగిపోయారు.

తక్కిన కిటికీలు మూసేద్దామంటే అప్పటికే చర్చి గంట మొదలైంది. మూలిల్లు ఒకప్పుడు బతిస్తిన్‌దే, అతన్ని అందులోకి పంపింది. వీధి మధ్యలోది జెనీ పుట్టిల్లు, లజార్ పుట్టిందీ అందులోనే. జెనీ అందులోకి వెళ్ళింది. రెండు కిటికీలు. రెండు చప్పుళ్ళు చాలు, అనుకుంది నొరీన్.

చర్చి నుంచి పెట్టె కదిలి వీధిలోకి తిరిగింది. నొరీన్ వెనకే నడుస్తూ తలెత్తింది. మూలింటి కిటికీలో బతిస్తిన్ నిలబడ్డాడు. టోపీ తీసి రెండు చేతుల్తో గుండెకి అదుముకున్నాడు. రెక్కలు పట్టుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ఏడుస్తున్నాడు. పెట్టె దాటిపోయింది.

ఇంక ఒక్కటే. నొరీన్ ఆ కిటికీ మీదే కళ్ళు పెట్టుకుని నడిచింది, రాళ్ళు తట్టుకుంటున్నా చూడలేదు. పెట్టె ఆ గుమ్మం ముందుకొచ్చింది. కిటికీలో జెనీ వీపు కనిపించింది. వీధివైపు కాదు, గదిలోకి తిరిగి నిలబడి ఉంది. దేన్నో చూస్తోంది. మోసేవాళ్ళ చెప్పుల చప్పుడుకి కూడా ఇటు తిరగలేదు. పేరు పెట్టి కేకేస్తే తిరిగేదేమో. పెట్టె వెనక నడిచే ఆడది గొంతెత్తదు. నొరీన్ నోరు తెరిచింది, మూసుకుంది. మోసేవాళ్ళు ఆగలేదు.

పై నుంచి కింది దాకా వీధి కిటికీలన్నీ బార్లా తెరుచుకుని ఉన్నాయి, పండగరోజుకి మల్లే. గోడవారన కుక్కపిల్లని పట్టుకుని నిలబడ్డ పైఊరి ఆవిడొకతె తోడున్న మనిషితో అంది, "చలికాలంలో అంతా మూసేస్తారన్నావు, ఎంత కళగా ఉందో చూడు."

అన్నీ మూసే ఉంచినా బావుండేది. కనీసం చీకటిలో పోయేవాడు. ఇలా నవ్వుముఖం పెట్టుకున్న వీధిలోంచి పంపింది తనే, తన చేతులతో, ఒక్కో కొక్కెం తగిలించి.

సముద్రం పక్కనే పూడ్చిపెట్టి వచ్చారు. నొరీన్ వంటింట్లో ముగ్గురూ కూర్చున్నారు. చేపల పులుసు వేడి చేసింది గానీ ఎవరూ ముట్టలేదు.

"అమ్మ పొయ్యి ఉన్నచోట స్నానాల తొట్టి పెట్టారే" అంది జెనీ ఉన్నట్టుండి. "మంచం మీంచి లేచి నేరుగా అందులో దిగుతారు కాబోలు. పొయ్యి ఇక్కడ కదా, గంజి గిన్నె ఇక్కడ కదా, వీడు పాకింది ఇక్కడ కదా అని లెక్కేసుకుంటున్నాను. మోసేవాళ్ళు ఎప్పుడెళ్ళిపోయారో తెలీలేదు."

నొరీన్ చెంచా తీసి తుడిచి మళ్ళీ బల్ల మీద పెట్టింది.

"తిట్టవే. నోరుమూసుకు కూచోకు, తిట్టు."

"ఏమని తిట్టను వదినా. మళ్ళీ తెచ్చి ఆ వీధిలో నడిపిస్తారా?"

బతిస్తిన్ టోపీని మోకాలి మీద తిప్పుతూ కూర్చున్నాడు. "నేనూ లాగలేదు చెల్లెమ్మా."

"చూశానన్నయ్యా."

బయట గాలి తిరిగింది. ఉత్తరపు గాలి, కొండలమీంచి దిగేది. ముందు మూలింట్లో ఒక రెక్క కొక్కెం ఊడి గోడకి కొట్టుకుంది. కాసేపటికి పక్కింట్లో. తర్వాత ఎదురింట్లో. వీధంతా చెక్క చప్పుళ్ళు మొదలయ్యాయి, ఒకదాని వెనక ఒకటి. బతిస్తిన్ తల వంచుకున్నాడు.

"ఇప్పుడా" అంది జెనీ. "మట్టి కప్పేశాక."

ఎక్కడో గాజు పగిలింది. జెనీ లేచి మేకు మీది గుత్తి అందుకుని నొరీన్ ముందు పెట్టింది. "పోయి వెయ్యవే. నేనూ వస్తాను. ఇంకొక్కటి పగిలినా ఆ దుక్రేగాడు నిన్ను ఉంచడు. పనితో పాటు ఇచ్చిన ఇల్లిది, తర్వాత ఎక్కడుంటావు?"

బల్ల మీద ఫోను మోగుతోంది. దుక్రే పేరు కనిపిస్తోంది. నొరీన్ దాన్ని చూసింది, గుత్తిని చూసింది. గిన్నెలోని పులుసు వెనక్కి పోసి మూత పెట్టింది.

"మీ బస్సుకి వేళయింది వదినా" అంది.

వాళ్ళు వెళ్ళాక పొయ్యి దగ్గర కూర్చుంది. బయట రెక్కలు కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆమె లేవలేదు.