స్వీడన్ కాగితం, మైదుకూరు వాన

కర్నూలు రాజధాని అయిన దగ్గర్నుంచి మా ఊళ్ళో కాగితానికి కరువొచ్చింది. ఆఫీసులు గుడారాల్లో ఉన్నా ఫైళ్ళు మాత్రం కాగితం మీదే నడవాలి కదా. ఉగాది పన్నెండు రోజులుందనగా మా ప్రెస్సులో పంచాంగం మొదటి ఫారం, అంటే ఒకేసారి అచ్చయ్యే పేజీల వరస, కూర్చి సిద్ధంగా ఉంది, అచ్చెయ్యడానికి ఠావు కాగితం లేదు. పండగ దాటిన పంచాంగాన్ని ఎవరూ కొనరు. పైగా ఈసారి ఆలస్యమైతే వచ్చే ఏటి నుంచి రాతప్రతి నంద్యాల ప్రెస్సుకిస్తానని సిద్ధాంతిగారు చెప్పి వెళ్ళారు. ఆయన పంచాంగమే మా ప్రెస్సుకు తిండి.

ఓనరు ఖాజా సాహెబు ఎక్కడెక్కడో కబురంపి, మద్రాసు హార్బరులో దిగిన స్వీడన్ కాగితం కొంత రైల్లో కడపకు చేరిందని కనుక్కున్నాడు. అక్కడి శెట్టిగారొకరు మాకోసం ఎనిమిది రీములు ఆపారు. తెమ్మని కంపోజిటర్నైన నన్ను పంపారు. స్వీడన్ దాకా పొమ్మనలేదు, అంతే చాలు.

ఉదయం ఆరింటికి బస్సు. టికెట్టు నాలుగు రూపాయల చిల్లర. నంద్యాలలో ఇడ్లీ తిన్నాను. ఆళ్ళగడ్డలో అహోబిలం యాత్రికులంతా దిగిపోవడంతో నరసింహస్వామి దయ కొంత నాకూ దక్కి, కాళ్ళు చాపుకోగలిగాను. రెండింటికి కడప చేరి, స్టేషను దగ్గర హోటల్లో భోంచేసి గోదాముకు వెళ్ళాను.

శెట్టిగారు కాగితాన్ని వెలుతురుకు పట్టి చూపించారు. వాళ్ళ కాగితం మనకొస్తే మన దగ్గర్నుంచి వాళ్ళకేం పోతుందని అడిగాను. పులివెందుల వైపు తవ్వే ముగ్గురాయి ఓడలెక్కి పోతుందనీ, దాన్ని పిండి చేసి కాగితంలోనే కలుపుతారనీ ఆయన చెప్పారు. నిజమో కాదో తెలీదు. నిజమైతే కడప రాయి సముద్రాలు దాటి తిరిగొచ్చి, కర్నూలు పోవడానికి నాకోసం కూర్చున్నట్టు.

కాగితాల కట్టకు బయట తారు పట్టించిన మందపాటి అట్ట ఉంది. ఆ గోదాములో పై అట్ట హమాలీలది, అది ఆనవాయితీ. ఓబులేసు అనే హమాలీ అప్పటికే దాన్ని విప్పుతున్నాడు. వానొస్తేనో అన్నాను.

"ఈ కాలంలో వాన యాడుండాదప్పా?"

"మరి నీకెందుకిది?"

"గుడిసె మీదికి. ఎండకు."

అట్ట అతనికే వదిలేసి, సత్రంలో పడుకున్నాను.

మర్నాడు ఏడింటికి రీములు బస్సు టాపెక్కాయి. టార్పాలిన్ కప్పమంటే, అది ఓనరు తోటలో పసుపు ఆరబెట్టుకోవడానికి పోయిందని కండక్టరు చెప్పాడు. పసుపు సీజనయ్యేదాకా రాదట. మైదుకూరులో ఒక గొర్రెల కాపరి, పెద్దాయన, కంబళి భుజానేసుకుని ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. చాగలమర్రిలో కూతురింటికి పోతున్నాడు.

దువ్వూరు దాటాక, తొమ్మిదింటికి, వాన మొదలైంది.

బస్సు ఆపేశారు. సగం మంది కిందికి దిగి మొహాలు పైకెత్తి నిలబడ్డారు. డ్రైవరు అరచేతులు చాచి నవ్వుతున్నాడు. జిల్లా అంతా ఎదురుచూసే వానకు ఏడ్చే మనిషిని నేనొక్కణ్ణే. బస్సు వెనక నిచ్చెనెక్కబోతుంటే పెద్దాయన నా కాలు పట్టుకుని ఆపాడు.

"పైన ఏముండాదప్పా?"

"కాగితం. పంచాంగం అచ్చెయ్యాల. తడిస్తే పండక్కి అందదు."

"పంచాంగమా? దాంట్లో ఈ వాన రాసినారా?"

"ఇంకా ఉగాది రాలేదు తాతా. ఈ వాన సంగతి పోయినేటి పంచాంగాన్నడగాల."

ఆయన అదీ నిజమేనన్నాడు. తర్వాత కంబళి తీసి నా చేతికిచ్చి, కింద తడుస్తున్నవాళ్ళను కేకేశాడు.

"వాన మల్లా సూస్తురు గానీ, ఈ కాగితాలు అందుకోండ్రి. పండక్కి చదివేటియి."

పై రీమును ముందు దించి, మిగతా వాటి మీద కంబళి పరిచి, వాటినీ ఒక్కొక్కటే దించాను. కండక్టరు అందుకున్నాడు, కిటికీల పక్క వాళ్ళు లోపలికి లాక్కున్నారు. ఎనిమిది రీములూ ఎనిమిది ఒళ్ళలో కూర్చున్నాయి. అంతసేపూ పెద్దాయన నిచ్చెన పట్టుకుని వానలోనే నిలబడ్డాడు. కంబళి తిరిగిస్తూ ఏమివ్వాలని అడిగితే ఒక పంచాంగం చాలన్నాడు. ఆయనకు చదువు రాదు. కూతురింటికి పోస్టులో పంపుతానని ఊరూ పేరూ రాసుకున్నాను.

చాగలమర్రిలో ఆయన దిగేసరికి రోడ్డు పొడిగా, దుమ్ముతో, ఏమీ ఎరగనట్టుంది. నంద్యాలలో భోజనం. కర్నూలు చేరేసరికి మూడున్నర.

పై రీము ఒక్కటే తడిసింది. ఖాజా సాహెబు ముందు అది చూశాడు, తర్వాత మిగతా ఏడింటినీ వాసన చూశాడు.

"స్వీడన్‌లో గొర్రెలు శానా ఉండాయా?" అన్నాడు.

తడిసిన రీమును తీగల మీద ఆరేశాం. అలలు తేలింది గానీ పారెయ్యడానికి మనసొప్పలేదు. దానిమీద ఏ ఫారం అచ్చెయ్యాలో సాహెబే చెప్పాడు. మీలో ఎవరైనా ఆ దారిన కాగితం తెచ్చుకుంటే, అట్ట వదలకండి, టార్పాలిన్ ఎక్కడుందో ముందే కనుక్కోండి. మా పంచాంగం మాత్రం పండక్కి రెండు రోజుల ముందే బయటికొచ్చింది. మొదటి ప్రతి చాగలమర్రికి పోయింది. అందులో రాబోయే వానల గురించి చెప్పే పేజీలు ముడతలు పడి ఉంటాయి. ఆ పుస్తకంలో వానను కళ్ళారా చూసినవి అవే.